డేటా లైబ్రరీకి పంపండన్నారు: జూన్ నుంచి నవంబరు దాకా మా దగ్గర జరిగింది

జర్నల్ వాళ్ళు డేటా అడిగితే ఏం చెయ్యాలో తెలియక ఈ మధ్య చాలామంది రీసెర్చ్ స్కాలర్లు లైబ్రరీకి వస్తున్నారు. మాకూ పెద్దగా తెలియదన్న సంగతి వాళ్ళకి తెలియదు. నేను గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో లైబ్రేరియన్ని. 2025 జూన్ నుంచి నవంబరు వరకు ఒకే ఒక్క స్కాలర్ డేటా పట్టుకుని ఎవరెవరి గదుల ముందు నిలబడ్డామో, ఎక్కడ ఆగిపోయామో, ఎంత ఖర్చయిందో రాస్తున్నాను. ఇలాంటి పని నెత్తిన పడిన లైబ్రేరియన్లకీ, గడువు దగ్గరపడి దిక్కులు చూస్తున్న స్కాలర్లకీ పనికొస్తుందేమో.

జూన్ 9, సోమవారం. అగ్రికల్చర్ ఎకనామిక్స్ స్కాలర్ ఒకతను ఫోన్‌లో మెయిల్ చూపించాడు. పేపరు బాగుంది, చిన్న సవరణలు చాలు, కానీ డేటాని ఏదైనా పబ్లిక్ రిపాజిటరీలో (అందరూ చూడగలిగే ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టి డీఓఐ (ఆ డేటాకి శాశ్వతంగా ఉండే గుర్తింపు నంబరు) ఇవ్వాలి, "అడిగితే ఇస్తాం" అని రాస్తే ఒప్పుకోం అని ఎడిటర్ రాశారు. గడువు 30 రోజులు. గైడ్‌ని అడిగితే "లైబ్రరీకి వెళ్ళు, శోధ్‌గంగలో థీసిస్‌లు ఎక్కించేది వాళ్ళే కదా" అన్నారట. నిజమే, దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే ఆ వెబ్‌సైట్లో ఎక్కించేది మేమే, ప్లేజియరిజం రిపోర్టు తీసిచ్చేది మేమే. "ఎక్కించడం" అన్న మాట ఎక్కడ వినపడినా ఆ పని తిన్నగా మా దగ్గరికే వస్తుంది. ఉన్నది నేను, ఒక అసిస్టెంటు, ఇద్దరు అటెండర్లు. పరీక్షల రోజుల్లో రాత్రి ఎనిమిదింటి దాకా రీడింగ్ రూమ్ తెరిచే ఉంచాలి, పైగా అప్పుడు న్యాక్ గ్రేడింగు ఫైళ్ళ గొడవ నడుస్తోంది. అయినా కుర్రాడి మొహం చూసి కాదనలేకపోయాను. "పెన్‌డ్రైవ్ తెచ్చుకో, చూద్దాం" అన్నాను. ఫైలు ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందిలే అని ఆ పూట అతనూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను.

అతని పరిశోధన సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత వచ్చే తలనొప్పులు అర్థం కావు. 2021-22లో నల్ల తామర పురుగు మన మిర్చి చేలని ఎలా ఊడ్చేసిందో ఈ జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. ఆ ఏడు, ఆ మరుసటి ఏడు కౌలు రైతులకి ఎంత నష్టం వచ్చింది, కౌలు ఎంత కట్టారు, మందులకి ఎంత పోశారు, అప్పు ఎక్కడ తెచ్చారు అని 600 పైచిలుకు మందిని అడిగి రాసుకున్న సర్వే అది. తెలుగులో అచ్చు వేయించిన ప్రశ్నాపత్రాలు. నింపింది ఎమ్మెస్సీ పిల్లలు. నంబర్లు ఎక్సెల్‌లో ఎక్కించింది ఒక స్నేహితుడు. రైతులు తమ మాటల్లో చెప్పిన జవాబులు టైపు చేసింది అరండల్‌పేటలో ఒక డీటీపీ షాపు.

పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైళ్ళ పేర్లు: "మిర్చి సర్వే సార్ చెప్పినట్టు", "మిర్చి సర్వే కొత్తది ఇదే", "ఇదే వాడాలి". చివరి రెండిట్లో రైతుల సంఖ్య ఒకటి కాదు. "ఏది సరైనది బాబూ?" అంటే "పేపర్లో వాడింది మూడోది అనుకుంటా మేడమ్" అన్నాడు. ఒరిజినల్ కాగితాలేవయ్యా అంటే అప్పుడు చెప్పాడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో వాళ్ళ అక్క ఇంట్లో, కింద గదిలో, మంచం కింద ఉన్నాయట సగం కట్టలు. హార్డ్‌డిస్కు కూడా అక్కడే. నీళ్ళు దిగి ఇంట్లోకి వెళ్ళేసరికి కాగితాలు ముద్దయిపోయాయి. డిస్కుని గవర్నర్‌పేటలో ఒక రికవరీ షాపుకి తీసుకెళ్తే "రూ.18,000 అవుతుంది, డేటా వస్తుందని గ్యారంటీ లేదు" అన్నారు. అక్క ఇంట్లో ఫ్రిజ్జు, బీరువా, పిల్లల పుస్తకాలు అన్నీ పోయిన టైములో డిస్కు గురించి ఎవరిని డబ్బులు అడుగుతాడు? ఊరుకున్నాడు. మిగతా సగం కట్టలు గైడ్ గారి అల్మరాలో ఉండబట్టి బతికిపోయాయి.

ఆ వారంలోనే నేను రెండు వైపులా కదిపాను. ఒకటి, మనకే సొంతంగా ఒక డేటా రిపాజిటరీ ఉంటే ఎలా ఉంటుందని ఐటీ సెక్షన్‌కి వెళ్ళాను. హార్వర్డ్ వాళ్ళు తయారు చేసిన డేటావర్స్ ఉచితమే, ఎవరైనా తీసుకుని పెట్టుకోవచ్చు. అక్కడి ఇన్‌ఛార్జి కుర్రాడు మంచివాడే, దాచకుండా చెప్పాడు: "సాఫ్ట్‌వేర్ ఫ్రీయే మేడమ్. దాన్ని రోజూ చూసుకునే మనిషి ఫ్రీ కాదు." సర్వరు, బ్యాకప్, అప్‌డేట్లు, డీఓఐలు ఇవ్వాలంటే డేటాసైట్‌లో సభ్యత్వం, దానికి ఏటా ఫీజు. మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాయే పాత మిషన్ మీద మూలుగుతూ నడుస్తోంది. సరే, కనీసం ఫైళ్ళు భద్రంగా దాచుకోవడానికి ఒక నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజీ పెట్టె) కొనమని నోట్ పెట్టాను. మూడు కొటేషన్లు తెమ్మన్నారు, తెచ్చాం, తక్కువది లక్షా అరవై వేలకి వచ్చింది. ఫైలు రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఫైనాన్స్‌కి వెళ్ళింది. అక్కడ "పుస్తకాల బడ్జెట్‌లోంచా, కంప్యూటర్ల బడ్జెట్‌లోంచా?" అని ఒక ప్రశ్న రాసి వెనక్కి పంపారు. మళ్ళీ జవాబు రాశాం. ప్రభుత్వ సంస్థలకి 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద జర్నళ్ళు కేంద్రమే ఇస్తోంది, మాలాంటి ప్రైవేటు వాళ్ళం ఇంకా చేతి డబ్బులే పెట్టుకోవాలి. జర్నళ్ళకి పోగా మిగిలే దాంట్లో డేటాకంటూ ఒక పద్దు ఎప్పుడూ లేదు.

రెండోది, బయట ఎక్కడ పెట్టొచ్చో వెతకడం. రీత్రీడేటా అనే డైరెక్టరీలో ప్రపంచంలోని డేటా రిపాజిటరీలు చాలావరకు సబ్జెక్టు వారీగా దొరుకుతాయి. శోధ్‌గంగ థీసిస్‌ల కోసం. ఐసీఎస్ఎస్ఆర్ డేటా సర్వీస్ ఒకటి ఉంది, సాంఘిక శాస్త్రాల సర్వేల కోసం, దాన్నీ చూశాం. కానీ గడువు మెడ మీద ఉంది కాబట్టి ఖాతా తెరిచిన రోజే డీఓఐ తీసుకోగలిగే చోటు కావాలి. చివరికి జెనోడో దగ్గర ఆగాం. యూరప్‌లోని సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం 2013 నుంచి నడుపుతోంది, పైసా అడగదు, ఒక్కో రికార్డుకి 50 జీబీ దాకా ఇస్తుంది. కొందరు లెక్చరర్లు "విదేశీ సర్వర్లో మన డేటానా?" అన్నారు. ఇక్కడ పెట్టడానికి చోటు చూపించండి సార్ అన్నాను. ఎవరూ చూపించలేదు.

చోటు దొరికింది కదా అని ఫైలు తెరిచాం. అసలు పని అక్కడ మొదలైంది.

ముందు ఎకరాల కాలమ్. కొందరు రైతులు "రెండు మూడెకరాలు" అన్నారు, పిల్లలు 2-3 అని రాశారు, ఎక్సెల్ దాన్ని మార్చి 2వ తేదీ చేసేసింది. మరి కొన్ని వరసల్లో అదే తేదీ ఐదంకెల నంబరుగా మారి కూర్చుంది. ఖాళీ గడి అంటే రైతు చెప్పలేదనా, అడగలేదనా, సున్నానా? కొన్నిచోట్ల గీత, కొన్నిచోట్ల 99, కొన్నిచోట్ల 999. అప్పు కాలమ్‌లో 99 కనపడితే తొంభై తొమ్మిది రూపాయల అప్పు అనుకోవాలా? ఇవన్నీ అతని థీసిస్‌కి అడ్డం రాలేదు, ఎందుకంటే ఏది ఏమిటో అతనికి తెలుసు. బయటివాడికి ఆ ఫైలు ఇస్తే మాత్రం ఒక్క వరస కూడా అర్థం కాదు.

తర్వాత దిగుబడి. ఫారంలో క్వింటాళ్ళు అని అచ్చు వేశారు, రైతులు టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) చెప్పారు. యార్డుకి మిర్చి తోలిన వాళ్ళెవరికైనా తెలుసు, ఒక్కొక్కరి టిక్కీ ఒక్కో బరువు తూగుతుంది. సర్వే చేసిన పిల్లల్లో కొందరు అక్కడికక్కడే బరువు అడిగి క్వింటాళ్ళలోకి మార్చారు, కొందరు టిక్కీల సంఖ్యే వేసి వచ్చారు. బతికిన కాగితాలు పక్కన పెట్టుకుని ఏ వరస ఏ కొలతో చూసుకుంటూ వెళ్ళాం. కాగితం లేనిచోట కొలత తెలియదని అలాగే రాసి ఉంచాం. "సగటు బరువు వేసి మార్చేద్దాం మేడమ్, బాగుంటుంది" అన్నాడు. బాగుంటుంది కానీ అది నీ సర్వే కాదు, నీ ఊహ అన్నాను. ఆ ఒక్క కాలమ్‌కి జూన్ నెలాఖరు అంతా పోయింది.

జిల్లా పేరు ఇంకో చిక్కు. మొదటి సర్వే నాటికి సత్తెనపల్లి, చిలకలూరిపేట వైపు ఊళ్ళన్నీ గుంటూరు జిల్లాయే. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు, బాపట్ల వేరు పడ్డాయి. రెండో ఏడు పిల్లలు కొత్త పేర్లు రాశారు. అదే ఊరు, అదే రైతు, రెండు జిల్లాలు. రేపు ఇంకెవరైనా ఈ లెక్కలు వాడి గుంటూరు జిల్లాలో మిర్చి రైతులు ఒక్క ఏడాదిలో సగానికి పడిపోయారని రాసినా రాస్తారు. పాత జిల్లా, కొత్త జిల్లా రెండు కాలమ్‌లు పెట్టి, మండలాలకి కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఉండే కోడ్‌లు జోడించాం. ఇది చెయ్యమని మాకు ఎవరూ చెప్పలేదు, ఏ మార్గదర్శకంలోనూ చూడలేదు, ఫైలు ముందు కూర్చుంటే తట్టింది.

నన్ను బాగా కదిలించింది 14వ ప్రశ్న. "పురుగు తగిలాక పంటని ఏం చేశారు?" అని అడిగి ఆరు జవాబులు ఇచ్చారు ఫారంలో. ఎక్సెల్‌లో మాత్రం 7 అనే కోడ్ కూడా ఉంది, అదీ చాలాచోట్ల. స్కాలర్‌కి గుర్తు లేదు. ఎక్కించిన స్నేహితుడు ఇప్పుడు కర్నూలులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాడు, ఫోన్ చేస్తే క్వార్టర్ ఎండింగ్ హడావుడిలో ఉన్నానన్నాడు, ఆదివారం తిరిగి చేశాడు. "అదా, చేను దున్నేసినోళ్ళు. ఫారంలో ఆ ఆప్షన్ లేదు కదా, మేమే ఏడు వేసుకున్నాం" అన్నాడు. స్పీకర్ ఫోన్ పెట్టి వింటున్నాం ఇద్దరం. ఆ సర్వేలో అన్నిటికంటే పెద్ద సంగతి అదే, కాపు మీద ఉన్న చేనుని చేతులారా దున్నించుకున్న వాళ్ళ లెక్క, అది ఎక్కడా రాసి లేదు, ఒక మనిషి జ్ఞాపకంలో ఉంది. అతను ఫోన్ నంబరు మార్చి ఉంటే ఆ 7 అట్లా అర్థం లేని అంకెగానే మిగిలేది. ఆ సాయంత్రమే కోడ్‌బుక్ మొదలుపెట్టాం, ప్రతి కాలమ్‌కీ పేరు, కొలత, ఏ అంకె అంటే ఏమిటి, ఎవరు ఎప్పుడు నింపారు.

ఇక రైతుల సొంత మాటలు. నీటిలో పోయిన కాగితాల్లో ఉన్నవి ఇంకెక్కడా లేవు, డీటీపీ షాపులో తప్ప. వెళ్తే ఆయన నవ్వి "నేను ఏ ఫైలూ చెరపనండి, పదేళ్ళ నాటి పెళ్ళి కార్డులు కూడా ఉన్నాయి" అన్నారు. ప్రాణం లేచి వచ్చింది. తీరా చూస్తే అన్నీ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటులో. ఆ షాపు కంప్యూటర్లో చక్కటి తెలుగు, మా కంప్యూటర్లో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన చెత్త. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోయాయి, "ర" వత్తు ఒకచోటికి బదులు ఇంకోచోట దిగింది. పేజీకి రూ.35 చొప్పున ఆయనే మళ్ళీ సరిచేసి ఇచ్చారు, మొత్తం నాలుగు వేల దాకా అయింది, స్కాలర్ జేబులోంచే. ఇంకో చిన్న సంగతి, తెలుగు ఉన్న ఫైలుని ఎక్సెల్ నుంచి మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలు అవుతాయి. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని విడిగా ఒకటి ఉంటుంది, అదే ఎంచుకోవాలి. దీనికి ఒక మధ్యాహ్నం మొత్తం పోగొట్టుకున్న వాళ్ళు మా అసిస్టెంటు ఒక్కడే కాదని తర్వాత తెలిసింది.

ఈ పనిలో ఉండగానే జూలై మొదటి వారంలో గడువు పెంచమని ఎడిటర్‌కి రాయించాను. అతను భయపడ్డాడు, పేపరు కొట్టేస్తారేమో అని. ఎందుకు ఆలస్యమో నిజమే రాయమన్నాను. మర్నాడే జవాబు వచ్చింది, సెప్టెంబరు 30 దాకా ఇచ్చారు. ఈ మొత్తం వ్యవహారంలో ఇంత తొందరగా తేలిన పని ఇంకొకటి లేదు.

గడువు ఎందుకు అంత కావాల్సి వచ్చిందంటే ఎథిక్స్ కమిటీ. రైతుల దగ్గర సంతకాలు తీసుకున్న అంగీకార పత్రం చదివాను. "మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం, ఈ పరిశోధనకు మాత్రమే వాడతాం" అని ఉంది. మరి జర్నల్ ఏమో ప్రపంచం మొత్తానికి తెరిచి పెట్టమంటోంది. ఎక్సెల్‌లో రైతు పేరు, ఫోన్ నంబరు, కులం, సర్వే నంబరు, కొందరివి ఆధార్ నంబర్లు కూడా ఉన్నాయి. ఆధార్ ఎందుకు రాశారయ్యా అంటే "ఫారం పాత థీసిస్ నుంచి తీసుకున్నాం మేడమ్, అందులో ఉంది" అన్నాడు. అవి అదే రోజు తీయించాను. మిగతా వాటి మీద లైబ్రేరియన్ నిర్ణయం చెయ్యలేదు, చెయ్యకూడదు. మా కమిటీ మూడు నెలలకొకసారి కూర్చుంటుంది, మే నెల మీటింగు అయిపోయింది, తర్వాతది ఆగస్టులో. దరఖాస్తు జూన్ ఆఖర్లో ఇచ్చాం. మధ్యలో ఫోన్ చేసినప్పుడల్లా "అజెండాలో ఉంది" అన్నారు.

ఆ ఖాళీలో ప్రత్తిపాడు వైపు ఒక ఊరికి స్కాలర్‌తో పాటు నేనూ వెళ్ళాను, సర్వేలో ఉన్న కొందరు రైతుల్ని కలవడానికి. పేర్లు తీసేసి లెక్కలు బయట పెడతాం, మీకేమైనా అభ్యంతరమా అని అడగాలని. రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన అంతా విని, "పేరు పోతే ఏముందమ్మా, ఊరు, ఎకరాలు, బోరు లేదని రాస్తే ఇంకెవరు, నేనే కదా" అన్నారు. ఇంకో ఆయన "బ్యాంకోళ్ళు చూస్తారా ఇది? ఆసామి చూస్తాడా?" అని అడిగాడు. అది వట్టి అనుమానం కాదు. కౌలు కార్డు కోసం సంతకం పెట్టమంటేనే చాలామంది ఆసాములు వెనక్కి తగ్గుతారు, నోటి మాట మీద నడిచే కౌళ్ళు ఎన్నో. తన పొలం ఫలానా వాళ్ళకి కౌలుకిచ్చినట్టు ఎక్కడో రాసి ఉందని తెలిస్తే వచ్చే ఏడు ఆ పొలం వీళ్ళకి దక్కకపోవచ్చు. మేము పుస్తకాల్లో చదివిన గోప్యత వేరు, ఆయన అడిగిన ఆ ప్రశ్న వేరు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

వచ్చాక ఊరి పేర్లు తీసేసి మండలం దాకానే ఉంచాం. ఎకరాలని తరగతులుగా మార్చాం, ఒకటి లోపు, ఒకటి నుంచి రెండున్నర, అలా. వయసు కూడా అంతే. కులం కాలమ్ పూర్తిగా తీసేశాం. గైడ్ గారికి అది నచ్చలేదు, "అది లేకపోతే విశ్లేషణలో పస ఏముంటుంది?" అన్నారు. పేపర్లో ఆ పట్టిక ఎలాగూ ఉంది సార్, వరస వరసకీ పెట్టాల్సిన పని లేదు అని స్కాలరే నిలబడి చెప్పాడు, నాకు ముచ్చటేసింది. తీసేశాక కూడా ఒక చిన్న మండలంలో ఆడవాళ్ళు, కౌలు, పెద్ద కమతం అని వడపోస్తే ఒక్కరే మిగిలారు. ఆవిడ వరసలో కమతం తరగతి కూడా ఖాళీ చేశాం, ఎందుకు ఖాళీయో ఫైళ్ళతో పాటు ఇచ్చే వివరణ పత్రం రీడ్‌మీలో రాశాం. ఒక్కో కాలమ్ విడిగా చూస్తే సరిపోదు, రెండు మూడు కలిపి వడపోసి చూడాలి, ఎక్సెల్ పివట్ టేబుల్ చాలు దానికి.

ఆగస్టు 22న కమిటీ కూర్చుంది. సభ్యుల్లో ఎక్కువమంది ఫార్మసీ వాళ్ళు, రోగుల డేటా అలవాటు, రైతుల డేటాకి కమిటీ ఎందుకని ఒకరు అడిగారు. లైబ్రరీ వాళ్ళు ఎందుకొచ్చారని ఇంకొకరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో పరిశోధనకి మినహాయింపు ఉంది కదా అన్నారు. ఉంది, కానీ షరతులతో ఉంది, ఆ డేటాతో ఫలానా మనిషి విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి అని నేను ప్రింటు తీసుకెళ్ళిన కాగితం ఇచ్చాను. ఇరవై నిమిషాల్లో ఒప్పేసుకున్నారు. పేర్లు తీసేసిన ఫైలు మాత్రమే బయటికి, అసలు కాగితాలు, స్కాన్‌లు లోపలే, చూసినవాళ్ళ పేరు రిజిస్టర్లో రాయాలి. మినిట్స్ చేతికి రావడానికి మళ్ళీ రెండు వారాలు.

సెప్టెంబరు 12, శుక్రవారం సాయంత్రం జెనోడోలో పెట్టాం. ఖాతా అతని పరిశోధక ఐడీ ఓర్కిడ్‌తోనే తెరిచాం, యూనివర్సిటీ మెయిల్ చదువు అయిపోగానే ఆపేస్తారు కాబట్టి. డీఓఐ ముందే రిజర్వ్ చేసుకునే వీలుంది, అది తీసుకుని పేపర్లోనూ రీడ్‌మీలోనూ వేసుకున్నాం. ఫైలు మొత్తం కలిపి మూడు ఎంబీ. మూడు నెలలుగా మా ప్రాణాలు తోడేసింది మూడు ఎంబీ! దాన్ని ఎక్కించడానికి నిమిషం పట్టలేదు. ఆలస్యమైంది పేర్ల దగ్గర. యూనివర్సిటీ పేరు ముగ్గురు రచయితలూ మూడు రకాలుగా రాసుకున్నారు, గైడ్ గారి ఇంటి పేరు ముందా వెనకా అని ఆయనకే ఫోన్ చెయ్యాల్సొచ్చింది, 7 సంగతి చెప్పిన బ్యాంకు స్నేహితుడి పేరు డేటా సేకరణలో పెట్టాలని నేను పట్టుబట్టాను. లైసెన్స్ సీసీ బై, అంటే రచయితల పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. అన్నీ అయ్యాక పబ్లిష్ బటన్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. వివరాలు తర్వాత దిద్దుకోవచ్చు కానీ ఫైలు మార్చాలంటే మామూలుగా కొత్త వెర్షన్ పెట్టాలి, పాతది అలాగే కనపడుతుంది. ఒక్క ఫోన్ నంబరు ఎక్కడైనా మిగిలిపోయి ఉంటే? నిజంగా టెన్షన్ వచ్చేసింది. కామెంట్లలో, దాచిన షీట్లలో, ఫైలు ప్రాపర్టీస్‌లో మళ్ళీ ఒకసారి వెతికించాను. దాచిన షీటు ఒకటి దొరికింది, అందులో పేర్లతో సహా పాత లిస్టు ఉంది. ఎక్సెల్ ఫైలు పక్కన పెట్టేసి సీఎస్‌వీలే ఉంచాం. అప్పుడు నొక్కాడు.

అక్టోబరులో రివ్యూయర్ ఒకరు డేటా నిజంగానే తెరిచి చూసి, దిగుబడి కాలమ్‌లో కొన్ని వరసలకి కొలత ఎందుకు లేదని అడిగారు. రీడ్‌మీలో ఆ పేరా చూపించాం, ఒప్పుకున్నారు. నవంబరు మొదటి వారంలో పేపరు అంగీకరించారు. కుర్రాడు పూతరేకులు తెచ్చాడు.

ఖర్చు సంగతి: డీటీపీ నాలుగు వేలు, మిగిలిన ప్రశ్నాపత్రాల స్కానింగు దాదాపు మూడు వేలు, రెండు హార్డ్‌డిస్కులు పన్నెండు వేలు. ఈ చివరిది మాత్రం లైబ్రరీ కంటింజెన్సీలోంచి పెట్టగలిగాను. స్కాన్‌లు 11 జీబీ ఉన్నాయి, ఒక డిస్కు నా గదిలో తాళం వేసిన బీరువాలో, ఇంకోటి డిపార్టుమెంటులో, వేరే బిల్డింగులో, పై అంతస్తులో. బుడమేరు కథ విన్నాక కింద గదిలో పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. మా ఇద్దరి సాయంత్రాలకి లెక్క లేదు, మా వార్షిక నివేదికలో కొన్న పుస్తకాలకి గడి ఉంది, వచ్చిన పాఠకులకి గడి ఉంది, దీనికి లేదు.

ఇప్పుడు పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో రీసెర్చ్ ఎథిక్స్ పేపరులో నాకు రెండు గంటలు ఇచ్చారు. సర్వేకి వెళ్ళక ముందే అంగీకార పత్రంలో "పేర్లు తీసేసి ఇతరులతో పంచుకుంటాం" అనే వాక్యం పెట్టించడం, కోడ్‌బుక్ మొదటి రోజే తెరిపించడం, ఈ రెండే చెబుతున్నాను, మిగతావన్నీ వింటూ నిద్రపోతున్నారు. రిజిస్ట్రార్ గారు సంతోషించి లైబ్రరీలో "రీసెర్చ్ డేటా సెల్" ఏర్పాటైనట్టు సర్క్యులర్ ఇచ్చారు, దానికి పోస్టు ఏదీ ఇవ్వలేదు. సర్క్యులర్ చూసి సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ గారు వచ్చారు, కృష్ణా కరకట్ట మీద డ్రోన్‌తో తీసిన ఫొటోలు 400 జీబీ పైన ఉన్నాయట, జెనోడో ఒక రికార్డుకి ఇచ్చే 50 జీబీలో పట్టవు. నాస్ బాక్స్ ఫైలు ఏమైందో చూద్దామని ఫైనాన్స్‌కి వెళ్ళాను. కొటేషన్ల గడువు అయిపోయిందట, కొత్తవి మూడు తెమ్మన్నారు.